చూరు నుంచి కొప్పు దాకా

నెలల తరబడి మూసి ఉన్న పెంకుటింటిని తెరిచేటప్పుడు పని పైనుంచి కిందికి సాగాలి. ముందు కప్పు, ఆ తర్వాత కప్పును మోసే కర్ర, తర్వాత గోడలు, తలుపులు, అన్నిటికంటే చివర నీళ్లు. పెంకులు కదిలిస్తే ఏళ్లనాటి దుమ్ము, పిచ్చుక గూళ్లు, ఎండాకులు అన్నీ కిందే పడతాయి కాబట్టి, ముందే గోడలకు సున్నం వేసుకున్నవాళ్లు రెండోసారి వేసుకోక తప్పదు. సికింద్రాబాద్‌లో అల్వాల్ వైపు, ఒక చెరువు కట్టకు దిగువన ఉన్న మా మేనమామల ఇంట్లో ఈ వరస ఎప్పుడూ మారదు. అన్నదమ్ముల కుటుంబాలు తలో ఊళ్లో ఉన్నాయి. తొలి వానకు అందరూ చేరేది మాత్రం ఇక్కడే. అందుకని రోహిణి కార్తె ఎండల్లో ఇల్లు తెరుస్తారు, మృగశిర ప్రవేశించేలోగా కప్పు పని ముగించేస్తారు.

రుతువును బట్టి తెరుచుకునే ఇళ్లు ఈ ప్రాంతానికి కొత్త కాదు. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంటు వెలిసింది. దానికి ఉత్తరాన బొల్లారంలో బ్రిటిష్ రెసిడెంటుకు ఊరి బయట ఒక విడిది ఉండేది. 1860లో కట్టిన ఆ ఒంటి అంతస్తు భవనమే ఇవాళ్టి రాష్ట్రపతి నిలయం. రాష్ట్రపతి దక్షిణాది విడిదికి వచ్చే ముందు దాన్ని సర్ది సిద్ధం చేయడం ఆనవాయితీ. 2023 నుంచి ఏడాది పొడుగునా జనమూ వెళ్లి చూడవచ్చు. అక్కడ వంటిల్లు వేరే కట్టడంలో ఉంటుంది, వండినవి నేల కింది సొరంగం గుండా భోజనశాలకు చేరేవి. మా మేనమామల ఇల్లు దాని ముందు చాలా చిన్నది. నాలుగు గదులు, ముందు వరండా, వెనక బావి. అయినా వంటిల్లును విడిగానే కట్టారు, పొగ నడింట్లోకి రాకుండా.

కప్పు మీద ఉన్నవి మంగళూరు పెంకులు. వీటికి ముందు ఇక్కడి ఇళ్లకు గూన పెంకులు ఉండేవి. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, నిలువునా చీల్చి, కాల్చినవి. ఒక వరస వెల్లకిలా, దాని మీద ఒక వరస బోర్లా పరిచేవారు. వాటిని పట్టి ఉంచేది వాటి బరువూ, ఒకదాని మీద ఒకటి ఒరుసుకునే రాపిడీ తప్ప మరేమీ లేదు. కోతి ఉరికినా, పిల్లి పరుగెత్తినా జారేవి. అందుకే గూన కప్పును వానలకు ముందు ఏటా తిరగ నేయించుకోవాల్సి వచ్చేది.

ఒకదానికొకటి తగులుకుని ఉండే పెంకు ఆలోచన ఫ్రాన్సులోని ఆల్సాస్ నుంచి వచ్చింది. అక్కడి ఆల్ట్‌కిర్ష్ పట్టణంలో గిలార్డోని సోదరులు 1841లో దానికి పేటెంటు తీసుకున్నారు. మన దేశంలో ఆ తరహా పెంకును కార్ఖానా సరుకుగా మార్చింది బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మత సంస్థ. ఆ సంస్థకు చెందిన జార్జ్ ప్లెబ్స్ట్ 1865లో మంగళూరులో పని మొదలుపెట్టాడు. నేత్రావతి, గురుపుర నదుల ఒడ్డున దొరికే మెత్తటి బంకమట్టి అందుకు సరిగ్గా సరిపోయింది. మూడేళ్లకు 1868లో ఆల్బుకర్క్ కార్ఖానా వచ్చింది, తర్వాత ఇంకెన్నో. మొదటి ప్రపంచ యుద్ధం దరిమిలా బాసెల్ మిషన్ కార్ఖానాలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి పోయాయి. పాత పెంకును తిరగేసి చూస్తే కార్ఖానా పేరు, ఒక సంవత్సరం అచ్చొత్తి కనిపిస్తాయి. ఆ సంవత్సరం కార్ఖానా పుట్టిన ఏడాదే గానీ పెంకు వయసు కాదు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చాక ఇలాంటి బరువు సరుకు ఇక్కడికి చేరడం తేలికైంది.

ఒక పెంకును ఒళ్లో పెట్టుకుని నిదానంగా చూడాలి. పొడవు సుమారు 41 సెంటీమీటర్లు, వెడల్పు 24కు కాస్త తక్కువ, బరువు రెండు నుంచి మూడు కిలోలు. పై ముఖాన నిలువునా రెండు వెడల్పాటి పల్లాలున్నాయి. వాననీరు వాటిలోనే నడుస్తుంది, అంచుల జోలికి పోదు. ఒక పక్క అంచు పైకి లేచి గాడిలా తీర్చి ఉంటే, రెండో పక్క అంచు కిందికి వంగి పెదవిలా ఉంటుంది. పక్క పెంకు పెదవి వచ్చి ఈ పెంకు గాడి మీద బోర్లా కూర్చుంటుంది. పై చివర అడ్డంగా ఒక గట్టు, కింది చివర అడుగున దానికి జోడుగా మరో పెదవి. పై వరస పెంకు పెదవి కింది వరస పెంకు గట్టును దాటి దిగుతుంది. అడుగు భాగాన, పై చివర దగ్గర, రెండు ముక్కులు పొడుచుకుని ఉంటాయి. పెంకు కర్రపట్టీకి తగులుకునేది వాటితోనే. బెజ్జం వేసిన బొడిపె కూడా ఒకటుంటుంది, అవసరమైన చోట తీగతో కట్టుకోవడానికి.

మేకు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. ముక్కులు కిందికి జారనివ్వవు, పెదవులు పక్కకు కదలనివ్వవు, మీది పెంకు బరువు పైకి లేవనివ్వదు. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి. వాటిలో ప్రతి ఒక్కటీ తన చుట్టూ ఉన్నవాటిని పట్టి ఉంచుతూ, వాటి పట్టులో తానుంటుంది.

గాడి చేసే పని ఇంకా సూక్ష్మమైనది. రెండు చదునైన పలకలు అంటుకుని ఉంటే వాటి సందులోకి నీరు వాలుకు ఎదురుగా కూడా పాకుతుంది. ఈదురుగాలి తోడైతే ఇంకా ముందుకు పోతుంది. నడుమ ఖాళీ గాడి అడ్డొస్తే ఆ పాకుడు అక్కడితో తెగిపోతుంది. దాటి వచ్చిన నాలుగు చుక్కలూ గాడిలో పడి, వాలు వెంట దిగి, కింది పెంకు పల్లంలో కలుస్తాయి. నీరు లోపలికి వస్తుందని ముందే ఒప్పుకుని, వచ్చిన నీటికి దారి చూపించిన ఏర్పాటు ఇది. అందుకే ఈ కప్పుకు పగులు కన్నా పెద్ద శత్రువు చెత్త. వేపాకు ఈనె, కానుగ పువ్వు, వాటికి తోడు దుమ్ము గాడిలో చేరి గట్టిపడితే ఖాళీ పూడిపోతుంది. ఆ పెంకు చెక్కుచెదరకుండా ఉన్నా కారుతుంది. వేసవిలో చేసే పనిలో సగం కొబ్బరి ఈనెల చీపురుతో, వంచిన ఇనుప ఊచతో గాడులు తోడటమే.

ఈ ఇంటి పని చేసే మేస్త్రీ నిచ్చెన ఎక్కే ముందు లోపలికి వస్తాడు. మిట్టమధ్యాహ్నం తలుపులు, కిటికీలు అన్నీ మూయించి, చీకటి గదిలో నిలబడి పైకి చూస్తాడు. పెంకుల సందుల నుంచి కొంత వెలుగు రావడం మామూలే. వేడి గాలి బయటికి పోయేదీ ఆ సందుల్లోంచే. ఏ వెలుగు మంచిదో, ఏది కాదో అతనికి తెలుసు. తగులు దగ్గర వెలుగు మసగ్గా, ఏటవాలుగా, అడ్డగీతలా ఉంటుంది. పగులు దగ్గర చురుక్కుమంటూ సూటిగా నేల మీద పడుతుంది, పడ్డ చోట చిన్న గుండ్రటి మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ నుంచి చూపును పైకి పోనిచ్చి, ఎన్నో వాసం, ఎన్నో పట్టీ అన్నది లెక్కపెట్టి గోడ మీద బొగ్గుతో రాసుకుంటాడు. కప్పు ఎక్కాక అదే లెక్క చూరు నుంచి మళ్లీ మొదలుపెడతాడు.

పెంకుల మీద నడవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. అతను చెప్పులు విప్పేస్తాడు. పాదం ఎప్పుడూ పెంకు నడుమ పడదు. పై పెంకు కింది పెంకు మీద ఎక్కి, రెండు మందాలు కలిసిన చోట, కింద కర్రపట్టీ ఉన్న గీత మీదే పడుతుంది. వాలు ఎక్కువైన చోట కొప్పుకు కొక్కెం తగిలించిన వెదురు నిచ్చెనను కప్పు మీద పరుచుకుంటాడు, బరువు నాలుగైదు వరసలకు పంచుకుపోయేలా. అనుమానం ఉన్న ప్రతి పెంకునూ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. బాగా కాలిన పెంకు కంచులా ఖంగుమంటుంది. పగిలినది కంటికి నిండుగానే ఉన్నా బొంగురు పోతుంది.

"గిది మోగుతలేదు సార్. లోపల పగులుంది, ఈ వానకు రెండు తునకలైతది," అని ఒకటి కిందికి అందించాడు. వెలుతుర్లో తిప్పి చూస్తే గీత ఎక్కడా కనిపించలేదు. అడుగున నీళ్లు చల్లి ఆరనిస్తే తెలిసింది. చుట్టూ ఆరిపోయాక కూడా వెంట్రుకంత సన్నగా ఒక చార తడిగా మిగిలింది.

ఒక్క పెంకు మార్చడానికి పక్కవాటిని ఊడదీయనక్కర్లేదు. పై వరసలో దాని మీదికి ఎక్కిన పెంకుల్ని కొంచెం పైకి జరిపి ఎత్తితే పగిలిన పెంకు పై చివర బయటపడుతుంది. దాని ముక్కుల్ని పట్టీ మీదుగా లేపి, పక్క గాడి వదిలించి, మీదికి లాగేస్తారు. కొత్తది అదే దారిన దిగి కూర్చుంటుంది. ఎత్తిన పెంకుల్ని వదిలేస్తే వాటి బరువుకు అవే తమ చోటికి జారి తగులుకుంటాయి. చేయి తిరిగినవాడికి నిమిషం పని. ఈ పెంకును రూపొందించినవాళ్లు కప్పడం గురించి ఎంత ఆలోచించారో విప్పడం గురించీ అంతే ఆలోచించారని నాకు అనిపించేది ఇక్కడే.

పెంకులు లేచిన చోట కింది కర్ర కనిపిస్తుంది. గోడ నుంచి గోడకు దూలాలు, వాటి మీద నిలువు గుంజలు, గుంజల మీద వెన్నుదూలం, దాని నుంచి చూరు దాకా వాసాలు, వాసాల మీద అడ్డంగా పట్టీలు. ఇక్కడివి టేకువి. చెద పట్టేది సాధారణంగా వాసం గోడలో దూరిన చోట, గాలి ఆడక, తేమ ఆరక. మేస్త్రీ సూదిమొన శీలతో అక్కడే పొడిచి చూస్తాడు. మంచి కర్రలోకి మొన దిగదు, పుచ్చిన కర్ర పిండిలా తోడుకొస్తుంది. ఆ చివరను కోసేసి, కొత్త ముక్కను ఏటవాలు అతుకుతో జోడించి, బోల్టులతో బిగిస్తాడు. అతుకు ఎంత పొడుగ్గా ఉంటే రెండు కర్రలూ అంత మేర ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

పట్టీల ఎడం విషయంలో అతను టేపును నమ్మడు. ఒకే కొలతకు కోసుకున్న కర్రముక్కను రెండు పట్టీల మధ్య పెట్టి, అది బిగుతుగా ఆనేదాకా జరిపి మేకు కొడతాడు. టేపుతో కొలిస్తే ఒక్కో వరసకు ఒక్కో నూలు తేడా వచ్చి కొప్పు చేరేసరికి వేలెడంత అవుతుంది. అప్పుడు పై పెంకు పెదవి గట్టును అందుకోదు. చూరు దగ్గరి మొదటి పట్టీ మాత్రం మిగతావాటి కన్నా మందంగా ఉంటుంది. కారణం తెలిశాక ఎంతో తేలిక. ప్రతి పెంకు కింది చివర ఇంకో పెంకు మీద ఆనుతుంది. మొదటి వరస కింద అలాంటి పెంకు లేదు. ఆ లోటు పూడ్చకపోతే మొదటి వరస ముందుకు వాలిపోయి రెండో వరసతో తగులు విడిపోతుంది. అందుకని లేని పెంకు మందాన్ని కర్రలో కలిపేశారు. చూరు వరసనూ, కప్పు చివరి అంచులనూ బెజ్జం బొడిపెలోంచి తీగ దూర్చి పట్టీకి కడతారు. మిగతా కప్పు బరువుతోనే నిలుస్తుంది గానీ గాలి కిందినుంచి లేపేది ఈ అంచుల్నే.

రెండు వాలులు కలిసే కొప్పు దగ్గర తగులు ఉండదు. అక్కడ కొప్పు పెంకులు బోర్లా వేసి గారతో కూర్చోబెట్టాలి. ఈ ఇంట్లో అది డంగు సున్నం. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేస్తే బుసబుసమని ఉడికి, పగిలి, తెల్లటి ముద్దవుతుంది. దాన్ని రోజుల తరబడి నీళ్లలో నానబెడతారు. ఉడకని పలుకు ఒక్కటి మిగిలినా తర్వాత గారలో ఉబ్బి దాన్ని చిట్లిస్తుంది. నానిన సున్నంలో ఇసుక, మెత్తగా దంచిన ఇటుకపొడి కలిపి నూరతారు; కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తారు. ఇటుకపొడి సున్నంతో కలిసి తడిలో కూడా గట్టిపడేలా చేస్తుంది. పైపొర మాత్రం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని తిరిగి సున్నపురాయి అవుతుంది, బట్టీలో పోగొట్టుకున్నదాన్నే గాలి నుంచి తెచ్చుకుంటుంది.

సిమెంటు త్వరగా అయిపోతుంది కదా అని కొప్పుకు సిమెంటు వేయించినవాళ్లు ఉన్నారు. నేను ఆ పక్షం కాదు. పగటి ఎండకు కర్ర, పెంకు వ్యాకోచిస్తాయి, రాత్రికి ముడుచుకుంటాయి. సిమెంటు ఆ కదలికను భరించలేక పగులుతుంది, లేదా తాను పగలక పెంకును పగలగొడుతుంది. దాన్ని విడదీయబోతే పెంకు కూడా ముక్కలవుతుంది. డంగు సున్నం కొంత వంగుతుంది. పట్టు వదిలినప్పుడు ఉలితో తట్టితే పొడిగా రాలిపోయి పెంకు నిండుగా చేతికొస్తుంది. గార పెంకు కన్నా మెత్తగా ఉండాలి, చెడిపోవాల్సి వస్తే ముందు గారే చెడిపోవాలి. మేస్త్రీ మాత్రం ఇంత చెప్పడు. కొప్పు కింద గారను నింపి, తాపీతో లోపలికి నొక్కి, పెంకు అంచుకు అరంగుళం లోపలే ఆపేస్తాడు, నీటి చుక్క అంచు నుంచి నేరుగా కిందికి రాలేలా. తర్వాత తడి గోనెసంచులు కప్పి నీడ కల్పిస్తాడు. రోహిణి ఎండకు గార ఒక్కపూటలో ఆరితే బలం రాదు.

కప్పు పని ముగిసి, గోడలకు సున్నం వేశాక తలుపులు. వేసవంతా ఎండిన కర్ర ముడుచుకుని వదులుగా ఉంటుంది. వదులుగా ఉంది కదా అని ఇప్పుడు బిగిస్తే వానల్లో ఉబ్బి తలుపు కదలదు. పాత వడ్రంగి దీనికి ముందే లెక్క వేశాడు. తలుపు చట్రంలోని పలకలకు మేకులు కొట్టలేదు. చట్రం లోపలి గాడిలో వదులుగా నిలబెట్టాడు. కర్ర నిడివిలో దాదాపు మారదు, అడ్డంగానే పెరుగుతుంది, తరుగుతుంది. పలక ఆ గాడిలోనే ముందుకూ వెనక్కూ జరుగుతుంది, బయటి చట్రం కొలత మారదు. పలక అంచున రంగు లేని సన్నటి కర్ర గీత కనిపిస్తే, పలక ముడుచుకుని గాడిలోంచి బయటికి వచ్చిందని అర్థం. కొత్తగా రంగు వేసేవాళ్లు అక్కడ లప్పం కూరితే పలక కదలిక ఆగిపోయి చీలుతుంది. దాన్ని అలాగే వదిలేసి, బందులకు రెండు చుక్కల నూనె వేస్తే చాలు.

చివరగా నీళ్లు. చెరువు నీరు కట్ట అడుగుగా ఊరుతూ బావిలోకి వస్తుంది కాబట్టి ఈ బావి చెరువును అనుసరించి పెరిగి తగ్గుతుంది. మోటారు నీటిని లాగుతుందని అనుకుంటాం గానీ అది పైపులో గాలి ఒత్తిడిని తగ్గిస్తుందంతే, నీటిని పైకి నెట్టేది బయటి వాతావరణం. సముద్ర మట్టం దగ్గర ఆ బలం 10.3 మీటర్లకు మించి నీటిని లేపలేదు. ఎత్తు మీద ఉన్న సికింద్రాబాద్‌లో ఇంకా కొంత తక్కువ. పైపు రాపిడీ అవీ పోగా ఏడు మీటర్ల లోతు దాటితే మామూలు మోటారు వల్ల కాదు. అందుకే బావి లోపల ఒక అరుగు కట్టారు. వేసవిలో నీరు అడుగంటినప్పుడు మోటారును తాళ్లతో ఆ అరుగు మీదికి దించుతారు, చెరువు నిండాక మునగకముందే పైకి తెచ్చుకుంటారు.

దించే ముందు ఫుట్‌వాల్వ్ విప్పుతారు. పైపు అడుగున ఉండే ఈ చిన్న ఇత్తడి గిన్నెకు చుట్టూ జల్లెడ, లోపల ఒక రేకు, దానికి తోలు వాషరు. నీరు పైకి వెళ్లేటప్పుడు రేకు తెరుచుకుంటుంది, మోటారు ఆగగానే నీటి బరువే దాన్ని మూసేస్తుంది. నీరు తగ్గి నెలల తరబడి గాలిలో వేలాడిన తోలు ఎండి, అంచులు మడతపడి ఉంటుంది. కొత్త తోలును రాత్రంతా నీళ్లలో నానబెట్టి వేయాలి. తర్వాత మోటారు మీది మూత తీసి చెంబుతో నీళ్లు పోస్తూ, బుడగలు పూర్తిగా ఆగేదాకా ప్రైమింగ్ కొట్టాలి. పైపులో గాలి మిగిలితే ఒత్తిడి తగ్గదు, నీరు కదలదు. నింపిన నీటి మట్టం కాసేపటికి కూడా దిగకుండా నిలిస్తే తోలు సరిగ్గా కూర్చున్నట్టే.

మిగిలిన పెంకుల్ని పెరటి గోడకు నిలువుగా ఆనించి, కార్ఖానా పేరును బట్టి వేరువేరు వరసలుగా పెడతారు. చూపుకు ఒకేలా ఉన్నా ఒక కార్ఖానా పెంకు పెదవి మరో కార్ఖానా గాడిలో సరిగ్గా దిగదు. రెండు నూళ్ల తేడా చాలు కారడానికి. అందుకే పాత ఇళ్లు కూల్చేచోట మేనమామలు వెతికేది ఏదో ఒక పెంకును కాదు, తమ కప్పు మీది పేరున్నదాన్నే.

తొలి వాన కురుస్తున్నంతసేపూ ఇంట్లో ఒకరు సుద్దముక్క, టార్చిలైటు పట్టుకుని గది గదీ తిరుగుతారు. చుక్క నేల మీద పడిన చోటు పనికిరాదు. లోపలికి వచ్చిన నీరు వాసం అడుగునే జారి ఎక్కడో దూరంగా రాలుతుంది. తడి వాసం మీద ఎక్కడ మొదలైందో చూసి అక్కడ గీత గీయాలి. వాన వెలిసిన మర్నాడు మేస్త్రీ ఆ గీతల్ని చూసుకుని, వాటికి ఒక వరస పైన రెండు మూడు పెంకులు లేపి, గాడులు తుడిచి, ఒకదాన్ని మార్చి, నిచ్చెన దించి భుజాన వేసుకున్నాడు.